ఇంజన్ వణుకుతోందా? ముందు పరీక్ష, ఆ తర్వాతే విడిభాగం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్. ఆ ఊరి రాజ్‌కిశోర్ నగర్ నుంచి రైల్వే స్టేషన్ వైపు బయలుదేరిన ఒక పాత పెట్రోలు కారును ఊహించుకోండి. రోడ్డు మీద పరుగెత్తినంతసేపూ దానికి ఏ ఇబ్బందీ ఉండదు. సిగ్నల్ దగ్గర ఆగగానే అసలు కథ మొదలవుతుంది. స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. అద్దంలో వెనక బండి బొమ్మ అదురుతుంది. ఆర్‌పీఎం ముల్లు ఒకచోట నిలవదు. ఏసీ వేస్తే ఇంజన్ ఇప్పుడో ఇంకాసేపటికో ఆగిపోతుందేమో అనిపిస్తుంది. మెకానిక్కుల భాషలో దీనికి ‘మిస్సింగ్’ అని పేరు.

తర్వాత ఏం జరుగుతుందో పాత కారు ఉన్నవారిలో చాలామందికి అనుభవమే. “ప్లగ్గులు మార్చి చూద్దాం బాబూజీ” అంటాడు మెకానిక్. మారుస్తారు. రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది, మళ్లీ వణుకు. “అయితే కాయిల్ అయి ఉంటుంది.” అదీ మారుస్తారు. ఆపైన ఇంజెక్టర్లు శుభ్రం చేయడం, ఆ తర్వాత ఒక సెన్సర్. వేల రూపాయలు ఖర్చయ్యాక, ఎవరో టార్చిలైటు వేసి చూస్తే ఇంజన్ వెనకాల ఒక చిన్న రబ్బరు గొట్టం చీలి కనిపిస్తుంది. దాని ఖరీదు ఆ ఖర్చులో పదో వంతు కూడా ఉండదు.

ఈ కథలో తప్పు గొట్టానిది కాదు. వయసు మీదపడితే రబ్బరు పగలడం సహజం. మెకానిక్‌ది మాత్రమే అనడమూ న్యాయం కాదు. తప్పంతా ‘మార్చి చూద్దాం’ అనే పద్ధతిలో ఉంది. కారణం తెలుసుకోకముందే చికిత్స మొదలుపెట్టే ఈ అలవాటు యజమాని జేబుకు, ఊరి గాలికి నష్టం చేస్తోంది. అంతకంటే ముఖ్యంగా, ఆధారం చూసి నిర్ణయం తీసుకోవాలనే శాస్త్రీయ దృష్టిని అది దెబ్బతీస్తోంది. గ్యారేజీలో ‘మార్చి చూద్దాం’ స్థానంలో ‘పరీక్షించి చూద్దాం’ అనే మాట రావాలి. అందుకు కావలసిన విజ్ఞానం కొత్తగా కనిపెట్టాల్సింది కాదు. చాలావరకు అది కారులోనే ఉంది.

రైల్వే ఊరు నేర్పే పాఠం

పరీక్ష విలువ బిలాస్‌పూర్‌కు తెలియనిది కాదు. అర్పా నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఎదిగింది రైలు చక్రాల మీదే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దీన్ని పెద్ద జంక్షన్‌గా మార్చింది. కోస్తా ఆంధ్ర నుంచి, ముఖ్యంగా ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ రైల్వే కొలువుల కోసమే తరలివెళ్లి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి ఊళ్లలో స్థిరపడ్డాయి. 2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం.

ఆ రైల్వేలో తరతరాలుగా సాగిన ఒక పని ఉంది. బండి ప్లాట్‌ఫారం మీద ఆగగానే ఒక ఉద్యోగి పొడవాటి సుత్తితో ఒక్కో చక్రాన్నీ తట్టుకుంటూ వెళ్లేవాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది. పగులున్న చక్రం బొంగురుపోతుంది. లోహంలో పగులు ఉంటే కంపనాలు త్వరగా అణగారిపోతాయి, శబ్దం మారుతుంది. ఇరుసు పెట్టె మీద చెయ్యి పెట్టి వేడిని అంచనా వేసేవారు. ఇప్పుడు ఆ పనిని పరారుణ థర్మామీటర్లు చేస్తున్నాయి. సాధనం మారింది కానీ సూత్రం మారలేదు. అనుమానం వచ్చిందని రైలుకున్న చక్రాలన్నీ మార్చరు. ముందు పరీక్షించి, లోపం ఉన్న చక్రాన్ని పట్టుకుని, దాన్ని మాత్రమే మారుస్తారు.

అలాంటి ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి కూడా తన కారు వణికితే ‘మార్చి చూద్దాం’ అన్న మాటకు తలూపేస్తాడు. రైలు చక్రానికి వర్తించిన నియమం కారు ఇంజన్‌కు ఎందుకు వర్తించకూడదు?

ఆగి ఉన్నప్పుడే ఎందుకు?

కారు పరుగెత్తుతున్నప్పుడు కనిపించని జబ్బు, ఆగి ఉన్నప్పుడే ఎందుకు బయటపడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం రోగ నిర్ధారణ అయినట్టే.

నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 750 సార్లు తిరుగుతోందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి సిలిండర్‌లోనూ రెండు చుట్లకు ఒకసారి ఇంధనం మండుతుంది. అంటే మొత్తం మీద నిమిషానికి 1,500 సార్లు, సెకనుకు 25 సార్లు. ఈ 25 చిన్న నెట్టుళ్లు సమానంగా ఉంటే ఇంజన్ తిరుగుతున్నట్టే తెలియదు. ఒక సిలిండర్ పనిచేయకపోతే ప్రతి నాలుగో నెట్టుడూ ఖాళీ. వేగంగా తిరిగే ఇంజన్‌లో చుట్టుచక్రపు జడత్వం ఆ ఖాళీని కప్పేస్తుంది. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కప్పే శక్తి తక్కువ కాబట్టి వణుకు కనిపిస్తుంది. మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటి తప్పితే మూడో వంతు బలం పోతుంది. అందుకే అందులో వణుకు ఇంకా ఎక్కువ.

రెండో కారణం గాలి. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుపోతుంది. పిస్టన్లు పీల్చుతుంటాయి, దారి ఇరుకు. దాంతో లోపలి మ్యానిఫోల్డ్‌లో పీడనం బయటి గాలి పీడనంలో సుమారు మూడో వంతుకు పడిపోతుంది. అప్పుడు ఎక్కడ చిన్న చీలిక ఉన్నా గాలి బలంగా లోపలికి దూసుకొస్తుంది. ఆ క్షణంలో ఇంజన్‌కు కావలసిన గాలే కొద్దిపాటిది. అందులో ఈ దొంగగాలి పెద్ద వాటా అయిపోతుంది. థ్రాటిల్ తెరిస్తే లోపలికి వచ్చే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, లోపలి పీడనమూ పెరిగి చీలిక గుండా వచ్చేది తగ్గుతుంది. అందుకే రోడ్డెక్కగానే జబ్బు మాయమైనట్టు ఉంటుంది.

అన్ని వణుకులూ జబ్బులు కావు. 1983లో వచ్చిన మారుతి 800 నుంచి నేటి చాలా చిన్న కార్ల దాకా మూడు సిలిండర్ల ఇంజన్లే. వాటి నిర్మాణంలోనే ఇంజన్‌ను ముందుకూ వెనక్కూ ఊపే అసమతుల్యత కొంత ఉంటుంది. ఆ ఊపును మింగేందుకు ఇంజన్ కింద రబ్బరు మౌంట్లు పెడతారు. అవి గట్టిబడితే, సిలిండర్లన్నీ సక్రమంగా పనిచేస్తున్నా బాడీ అదురుతుంది. ఆర్‌పీఎం ముల్లు స్థిరంగా ఉండి, సైలెన్సర్ శబ్దం సమానంగా వస్తూ, కారు మాత్రం వణుకుతుంటే ప్లగ్గుల జోలికి పోకముందే మౌంట్లు చూడాలి. ఈ తేడా పట్టుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. కన్ను, చెవి చాలు.

ఒక కాయిల్, రెండు సిలిండర్లు, ఒక ప్రయోగం

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-4 కార్లలో ఓబీడీ-2 అనే స్వీయ పరీక్షా వ్యవస్థ ఉంది. ఇంజన్ తిరిగే వేగంలో ప్రతి చిన్న మార్పునూ క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ గమనిస్తుంది. ఒక సిలిండర్ మండాల్సిన సమయంలో షాఫ్ట్ కాస్త నెమ్మదిస్తే, ఆ సిలిండర్‌లో మిస్సింగ్ ఉందని కంప్యూటర్ లెక్క కడుతుంది. అది మళ్లీ మళ్లీ జరిగితే ‘చెక్ ఇంజన్’ దీపం వెలిగించి ఒక కోడ్ రాసుకుంటుంది. పి0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్. పి0300 అంటే ఒకే సిలిండర్ అని చెప్పలేని మిస్సింగ్.

సమస్య ఇక్కడే వస్తుంది. పి0302 కనిపించగానే ‘రెండో కాయిల్ పోయింది’ అని తేల్చేస్తారు. కోడ్ ఆ మాట అనలేదు. రెండో సిలిండర్ సరిగా మండలేదని మాత్రమే అంది. అందుకు కాయిల్ కారణం కావచ్చు, ప్లగ్గు కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, వాల్వు కావచ్చు, ఎలుక కొరికిన వైరు కూడా కావచ్చు. కోడ్ అనేది సాక్షి చెప్పిన మాట. దాన్ని తీర్పుగా తీసుకోకూడదు.

నిజం తేల్చడానికి ఒక సులువైన ప్రయోగం ఉంది. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ ఉన్న ఇంజన్‌లో రెండో సిలిండర్ కాయిల్‌ను మూడో దానికి, మూడో దానిది రెండో దానికి మార్చి బిగించాలి. ఇంకేదీ ముట్టుకోకూడదు. కోడ్ చెరిపేసి ఇంజన్ నడపాలి. ఈసారి పి0303 వస్తే జబ్బు కాయిల్‌తోపాటు కదిలిందన్నమాట. దోషి కాయిలే. మళ్లీ పి0302 వస్తే కాయిల్ నిర్దోషి. అప్పుడు ఇదే పద్ధతిలో ప్లగ్గును పరీక్షించాలి. పైసా ఖర్చు లేదు. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చి, మిగతావన్నీ స్థిరంగా ఉంచి ఫలితం చూడటం ప్రయోగశాలలో శాస్త్రవేత్త చేసే పనే.

‘మార్చి చూద్దాం’ పద్ధతిలో ఇదే లోపిస్తుంది. ప్లగ్గులూ కాయిలూ ఒకేసారి మార్చి, బ్యాటరీ తీసి పెట్టి, థ్రాటిల్ బాడీ కూడా శుభ్రం చేస్తే, కారు బాగుపడినా ఎందుకు బాగుపడిందో ఎవరికీ తెలియదు. తెలియలేదు కాబట్టి వచ్చే కారుకూ అన్నీ మార్చాల్సిందే.

ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్ అన్నీ నిర్దోషులని తేలితే కంప్రెషన్ పరీక్ష ఉంది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో మీటరు పెట్టి ఇంజన్ తిప్పితే, సిలిండర్ గాలిని ఎంత బిగువుగా అదమగలుగుతోందో తెలుస్తుంది. ఒక సిలిండర్‌లో ఆ బిగువు మిగతావాటి కంటే బాగా తక్కువగా ఉంటే, అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. కొలత పెరిగితే ఆయిల్ పిస్టన్ రింగుల సందును మూసిందని అర్థం, కాబట్టి రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులను అనుమానించాలి. ఇంజన్ విప్పకుండానే లోపలి సంగతి చెప్పే ఈ పరీక్ష చాలా పాతది. ఇప్పటికీ దీన్ని మించిన చవక పరీక్ష లేదు.

నిజం చెప్పిన సెన్సర్‌కే శిక్ష

ఇలాంటి కార్లలో కనిపించే మరో కోడ్ పి0171. ఇంజన్‌లో గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అయిందని దాని అర్థం. సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పిన కబురు ఇది. కొందరు వెంటనే ఆ సెన్సర్‌నే మార్చేస్తారు. చెడ్డ కబురు తెచ్చిన వార్తాహరుడిని శిక్షించడం లాంటిదే ఇది. చాలాసార్లు సెన్సర్ నిజమే చెబుతుంది. ఎక్కడో గొట్టం చీలి దొంగగాలి వస్తోంది. లేదా ఒక సిలిండర్ మండక, అందులోని ఆక్సిజన్ ఖర్చు కాకుండానే బయటికొస్తోంది.

ఈ అనుమానాల్లో ఏది నిజమో తేల్చే అంకె కూడా స్కానర్‌లోనే ఉంటుంది. దాని పేరు ఫ్యూయెల్ ట్రిమ్. అనుకున్న లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ లేదా తక్కువ ఇంధనం పోయాల్సి వస్తోందో అది చెబుతుంది. వచ్చే గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న ఇంజన్‌లో, ఆగి ఉన్నప్పుడు ఈ అంకె బాగా పెరిగి, 2,500 ఆర్‌పీఎం వద్ద దాదాపు మామూలుకు వస్తే చీలికను వెతకాలి. వేగం పెరిగేకొద్దీ అంకె ఇంకా పెరుగుతూ పోతే ఇంధన పంపు, ఫిల్టర్ వైపు చూడాలి. గాలికి బదులు మ్యానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే ఇంజన్లలో చీలిక వేరేలా కనిపిస్తుంది. పెరిగిన పీడనాన్ని చూసి కంప్యూటర్ ఇంధనమూ పెంచుతుంది కాబట్టి ఆర్‌పీఎం ఉండాల్సిన దానికంటే పైకి పోతుంది, లేదా ఎగిరి పడుతుంది. కారులో ఏ సెన్సర్ ఉందో తెలియకుండా అంకెను చదివితే తప్పుదారి పడతారు.

చీలిక ఎక్కడుందో పట్టుకోవడానికి సురక్షితమైన మార్గం పొగ పరీక్ష. ఇంజన్ ఆపి, గాలి దారిలోకి తక్కువ పీడనంతో పొగ పంపితే చీలిక ఉన్నచోట నుంచి సన్నగా బయటికొస్తుంది. కొందరు నడుస్తున్న ఇంజన్ మీద మండే ద్రవాన్ని చల్లి, ఎక్కడ ఆర్‌పీఎం మారుతుందో చూస్తారు. వేడి సైలెన్సర్ గొట్టం పక్కన ఆ పని అగ్నిప్రమాదాన్ని పిలిచినట్టే. షట్టరు మూసిన షెడ్డులో ఇంజన్‌ను అలా తిప్పుతూ ఉండటం అంతకంటే ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. హెచ్చరించకుండానే ప్రాణం తీస్తుంది.

ఇథనాల్ మీద నింద

ఈమధ్య కారుకు ఏ జబ్బు వచ్చినా వినిపించే కొత్త కారణం ఇథనాల్. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 ఇంధనం దేశమంతటా బంకుల్లోకి వచ్చాక, ఇంజన్ కాస్త వణికినా నేరం దాని మీదే పడుతోంది.

అనుమానించడంలో తప్పు లేదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు దాదాపు 9 కిలోలు చాలు. ఇ20కి ఆ లెక్క సుమారు 13.5. అంటే ఉన్న గాలికి ఇదివరకటి కంటే కాస్త ఎక్కువ ఇంధనం పోయాలి. ఇ10 కోసం సరిచేసిన కారులో ఇ20 పోస్తే ఆ తేడా నాలుగైదు శాతం. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కారు దాన్ని తనంతట తానే సర్దుకోగలదు. కార్బ్యురేటర్ ఉన్న పాత బండికి ఆ సదుపాయం లేదు. పాత కార్లలోని కొన్ని రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ఇథనాల్‌ను తట్టుకునేలా తయారైనవి కావన్నదీ నిజమే. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో నెలల తరబడి కదలని కారు ట్యాంకులో నీరు చేరే అవకాశమూ ఉంది.

ఇవన్నీ పరీక్షకు నిలవాల్సిన ప్రతిపాదనలు. ఇథనాలే కారణమైతే ఆ ప్రభావం అన్ని సిలిండర్ల మీదా, అన్ని వేగాల్లోనూ ఇంచుమించు ఒకేలా కనిపించాలి. ఫ్యూయెల్ ట్రిమ్ ఆగి ఉన్నప్పుడు, పరుగులో ఉన్నప్పుడు కూడా కొద్దిగా పెరిగి ఉండాలి. ఒక్క రెండో సిలిండరే తప్పుతుంటే, లేదా ఆగి ఉన్నప్పుడే అంకె ఎగబాకుతుంటే, ఇథనాల్‌ను తిట్టి ప్రయోజనం లేదు. బిలాస్‌పూర్ వేసవి 45 డిగ్రీలు దాటుతుంది. అంత ఎండలో, వేడి ఇంజన్ పక్కన పదేళ్లు కాగిన రబ్బరు గొట్టం పగలడానికి ఇథనాల్ సాయం అక్కర్లేదు. ఇంధన విధానాన్ని సమర్థించేవారికీ విమర్శించేవారికీ ఇక్కడ ఒకే నియమం వర్తించాలి: ఆరోపణ ఏదైనా కొలతతో రావాలి.

చెత్తబుట్టలోకి పోతున్న ఆధారం

వణికే ఇంజన్ యజమాని ఒక్కడి సమస్యే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. మండని ఇంధనం ఎక్కడికీ పోదు. సైలెన్సర్ గుండా హైడ్రోకార్బన్లుగా బయటికొస్తుంది. అంతకంటే ముందు అది క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. అప్పుడు ఆ వేడికి లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ కరిగిపోవచ్చు. దాని మీద పూసిన ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాల వల్లే కన్వర్టర్ అంత ఖరీదు. చెక్ ఇంజన్ దీపం ఆగకుండా మిణుకుమిణుకుమంటే కారు కంప్యూటర్ ఆ ప్రమాదం గురించే హెచ్చరిస్తోంది. అలాంటప్పుడు వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపడం మంచిది. కొన్ని వందల రూపాయల ప్లగ్గును పట్టించుకోకపోతే వేల రూపాయల కన్వర్టర్ పోతుంది. ఆ తర్వాత కారు పోయిన దారంతా విషవాయువే.

ఈ సంగతి ముందే పసిగట్టగల పరీక్ష ఒకటి ప్రతి కారుకూ జరుగుతోంది. కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం కోసం చేసే పరీక్ష అది. బీఎస్-4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు, ఇంజన్ ఆగి తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల్లో 200 భాగాలు దాటకూడదన్నది కేంద్ర మోటారు వాహనాల నియమం. సుమారు 2,500 ఆర్‌పీఎం వద్ద మరో కొలత ఉంటుంది. ఒక్కో వాయువు పరారుణ కిరణాలను ఎంత పీల్చుకుంటుందో చూసి యంత్రం ఈ అంకెలు చెబుతుంది.

వైద్యుడికి రక్తపరీక్ష ఎంతో మెకానిక్‌కు ఈ అంకెలు అంత. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువైతే ఇంధనం ఎక్కువగా పోతున్నట్టు. అది మామూలుగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే పెరిగితే ఏదో సిలిండర్ మండటం తప్పుతున్నట్టు. మంచి కన్వర్టర్ ఈ తేడాలను కొంత కప్పేస్తుంది. నిజమే. అయినా ఏటా తీసే అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, పాసైన కారులో కూడా క్రమంగా చెడుతున్న తీరు కనిపించే అవకాశం ఉంది. కానీ జరుగుతున్నదేమిటి? పాస్ అయిందా లేదా అన్న ఒక్క మాట చూసుకుని చీటీ డ్యాష్‌బోర్డు పెట్టెలో పడేస్తారు. వచ్చే ఏడాది ఆ చీటీ చెత్తబుట్టలోకి. డబ్బిచ్చి తీయించుకున్న ఆధారాన్ని చదవకుండా పారేసి, అదే జబ్బుకు డబ్బిచ్చి ఊహలు కొనుక్కోవడం ఎంత విడ్డూరం!

మెకానిక్ వైపు నుంచి చూస్తే

‘పరీక్షించి చూద్దాం’ అనడం తేలికే, చెట్టు కింద షెడ్డు వేసుకున్న మెకానిక్‌కు అది సాధ్యమా అన్న ప్రశ్న న్యాయమైనదే. పరీక్షకు సమయం పడుతుంది. ఆ సమయానికి డబ్బివ్వడానికి చాలామంది యజమానులు ఒప్పుకోరు. “ఏమీ మార్చలేదు కదా, దేనికి డబ్బులు?” అంటారు. విడిభాగం మారిస్తేనే కూలి దొరుకుతుందంటే మెకానిక్ విడిభాగమే మారుస్తాడు. వైద్యుడి సలహాకు రుసుము ఇచ్చే మనిషి, మెకానిక్ సలహాకు ఇవ్వకపోతే మార్పును ఆశించడం అత్యాశే.

కొన్నిసార్లు మార్చడమే తెలివైన పని అన్న వాదనలోనూ నిజముంది. గడువు దాటిన ఎయిర్ ఫిల్టర్‌కు, అరిగిన ప్లగ్గులకు పరిశోధన అక్కర్లేదు. సర్వీసు పుస్తకం ప్రకారం అవి ఎలాగూ మార్చాల్సినవే. కానీ గడువు ప్రకారం మార్చడం నిర్వహణ. గడువు రాని ఖరీదైన భాగాన్ని అనుమానంతో మార్చడం జూదం. రెండూ ఒకటి కాదు.

మూడో అడ్డంకి సమాచారం. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ 14 కార్ల తయారీ సంస్థలకు మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు, రోగ నిర్ధారణ పరికరాలు, సాంకేతిక సమాచారం బయటి గ్యారేజీలకు దొరకకుండా చేస్తున్నారన్నది ఆ కేసులో ప్రధాన అంశం. దానిపై తర్వాత అప్పీళ్లు, కోర్టు కేసులు నడిచాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌ను ప్రారంభించి, ఆటోమొబైల్ రంగాన్ని కూడా అందులో చేర్చింది. మంచి అడుగే. అయితే వీధి చివరి మెకానిక్‌కు కావలసింది వినియోగదారుల సమాచారం ఒక్కటే కాదు. ఆ ఇంజన్‌లో ఏ సెన్సర్ ఎంత చూపాలో, ఏ వైరు ఎక్కడికి పోతుందో అతని చేతికి అందాలి. సరైన అంకె తెలియకుండా వచ్చిన అంకెతో ఏం చేస్తాడు?

చేయదగిన పనులు పెద్దవేం కావు. ఐటీఐల్లో రెండేళ్లు సాగే మోటారు వాహన మెకానిక్ కోర్సులో విప్పి బిగించడంతో పాటు, ‘ఈ లక్షణానికి ఏయే కారణాలు ఉండొచ్చు, వాటిలో ఒక్కోదాన్ని ఏ పరీక్షతో కొట్టేయాలి’ అన్న ఆలోచనా క్రమానికి సమాన బరువు ఇవ్వాలి. కాలుష్య పరీక్షా కేంద్రం ఇచ్చే చీటీలో అంకెల పక్కన వాటి అర్థం స్థానిక భాషలో ఒక్క వాక్యంలో రాయాలి. గ్యారేజీ బిల్లులో పరీక్ష రుసుము ఒక వరుసగా ఉండాలి, దాన్ని యజమాని గౌరవంగా చెల్లించాలి.

యజమాని అడగాల్సిన ఒక్క ప్రశ్న

కారు ఉన్నవారందరూ మెకానిక్కులు కానక్కర్లేదు. మంచి సాక్షులైతే చాలు. వణుకు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏసీ వేస్తే పెరుగుతోందా? తాళం వేసినట్టు లయగా వస్తోందా, అప్పుడొకటి ఇప్పుడొకటిగా వస్తోందా? ఈమధ్య ఏ పని చేయించారు? ఈ నాలుగు సంగతులు కాగితం మీద రాసి ఇస్తే మెకానిక్‌కు గంట పని కలిసొస్తుంది. ఉదాహరణకు థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించిన మర్నాటి నుంచే ఆర్‌పీఎం ఎగిరిపడుతుంటే, కారు కంప్యూటర్‌కు కొత్త స్థితిని మళ్లీ నేర్పలేదేమో అని ముందుగా చూడవచ్చు.

ఇక విడిభాగం మార్చమన్నప్పుడు అడగాల్సింది ఒక్క ప్రశ్నే: “ఇదే పోయిందని ఎలా తేలింది?” ఇందులో అనుమానం లేదు, అవమానం లేదు. పరీక్ష చేసిన మెకానిక్ సంతోషంగా చూపిస్తాడు. చేయనివాడు వచ్చేసారి చేయడానికి సిద్ధపడతాడు.

శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక కర్తవ్యమని మన రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. ఆ మాట వినగానే చాలామందికి ప్రయోగశాలలు, ఉపగ్రహాలు, గ్రహణాల మీద మూఢనమ్మకాలు గుర్తొస్తాయి. సిగ్నల్ దగ్గర వణుకుతున్న ఇంజన్ కూడా గుర్తుకు రావాలి. కాయిల్‌ను ఒక సిలిండర్ నుంచి మరో సిలిండర్‌కు మార్చి ఫలితం కోసం ఓపికగా ఎదురుచూసే మెకానిక్, చక్రాన్ని సుత్తితో తట్టి చెవి ఒగ్గిన ఆనాటి రైల్వే ఉద్యోగికి వారసుడే. రాజ్‌కిశోర్ నగర్ సందులోనైనా, రాజమండ్రి బైపాస్ మీదనైనా అలాంటి మెకానిక్ దొరికితే అతని పరీక్షకు అడిగినంత ఇచ్చి రావడం మంచిది. మార్చక్కర్లేని విడిభాగాల మీద మిగిలే డబ్బు అంతకంటే ఎక్కువే ఉంటుంది.